విద్యుద్రథము, పెట్రోలు రథము: ఒక శతాబ్దపు పందెము



నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందఱు నవ్వుకొనియుందురు. వ్యాకరణమును, కావ్యములను పాఠము చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు కార్ల పందెముతో నేమి పని యని మీ రడుగవచ్చును. పని కలదు. మన మనుమలు నేడు రచ్చబండ యొద్ద గూర్చుండి వాదించుకొను సంగతులలో నిది యొకటి. కరెంటుతో నడచు పెద్ద కారు, బరువున రెండింతలై యుండియు, పెట్రోలుతో నడచు పందెపు కారును వెనుకకు ద్రోసినదని యొక డనును. కొంతదూరము పోనిచ్చి చూడుము, పెట్రోలు కారే ముందునకు వచ్చునని మఱియొక డనును. ఈ తగవు తమ కాలమున బుట్టినదని వారి తలంపు. నిజమున కిది నూటయిరువది సంవత్సరములకు పైబడిన తగవు. దాని పూర్వచరిత్ర నెఱిగినచో నేటి వాదమునం దెంత సత్యము కలదో, ఎంత యార్భాటము కలదో తూచి చెప్పుట సులభమగును.

మొదట రెండు మాటలను వేఱుచేసికొందము. వేగ మనగా నింత కాలములో నింత దూరము పోవుట. త్వరణ మనగా నిలిచియున్న బండి యా వేగమును ఎంత శీఘ్రముగ నందుకొనునో తెలుపు లెక్క. భారతమునందలి నలోపాఖ్యానము మీ రందఱు నెఱిగినదే. బాహుకుడు ఋతుపర్ణుని రథమును తోలుచుండగా రాజుగారి యుత్తరీయము జారి పడెను. దానిని దెప్పింపుమని రాజు పలుకుసరికి, అది యప్పుడే యోజనదూరము వెనుకబడినదని బాహుకుడు చెప్పెను. ఇది వేగమును జెప్పు కథ. ఆ గుఱ్ఱములు నిలిచిన చోటినుండి కదలి యా వేగము నెన్ని క్షణములలో నందుకొన్నవని యడిగినచో, అది త్వరణమును గూర్చిన ప్రశ్న యగును.

ఆ కథలోనే మఱియొక విశేషము కలదు. అశ్వహృదయము నెఱిగిన బాహుకుడు, లెక్కింపులో నసమానుడగు ఋతుపర్ణుని వలన నక్షహృదయమును గ్రహించెను. బండి తోలుట యెఱిగినవాడు లెక్కయు నేర్వవలెనని నే నా ఘట్టమునకు దాత్పర్యము చెప్పుకొందును. నేటి ప్రసంగమున మనము చేయబోవునదియు నీ లెక్కయే.

ఇక కథలోనికి వత్తము. గుఱ్ఱము లేని బండిని నడపవలెనని పందొమ్మిదవ శతాబ్దమున మూడు శక్తులు పోటీపడినవి: ఆవిరి, విద్యుత్తు, పెట్రోలు. విద్యుత్తును నిలువచేసి మరల వాడుకొనదగు సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. 1881లో కామిల్ ఫోర్ దానిని మెఱుగుపఱచెను. ఆ సంవత్సరమే గుస్తావ్ త్రూవే యనువాడు పారిసు వీధులలో బ్యాటరీతో మూడుచక్రముల బండిని నడపి చూపెను. జర్మనీలో కార్ల్ బెంజ్ తన పెట్రోలు బండికి హక్కుపత్రమును గోరినది 1886 జనవరిలో. అనగా, మనము నేడు క్రొత్తదని పిలుచు విద్యుత్తు బండి, పాతదని పిలుచు పెట్రోలు బండికంటె వయసున బెద్దది.

ఈ రెండింటి బలాబలములు బహిరంగముగ దేలిన కాలము 1898, 1899 సంవత్సరములు. 1898 నవంబరులో పారిసు సమీపమున షాంతెలూ అను కొండబాటపై నొక పోటీ జరిగెను. అందు పెట్రోలు బండ్లును విద్యుత్తు బండ్లును గలవు. బెల్జియము దేశీయుడగు కామిల్ జెనాట్జీ తన విద్యుత్తు బండితో నందఱికంటె ముందుగ కొండ నెక్కెను. ఎగువబాటపై బరువును లాగుటయందు విద్యుత్తుదే పైచేయి యని యప్పుడే తెలిసినది.

మఱుసటి నెలలో, అనగా 1898 డిసెంబరులో, పారిసునకు వాయవ్యమున నున్న ఆషేర్ అను చోట తిన్నని బాటపై, కిలోమీటరు దూరమును గడియారముతో గొలిచి, మోటారు బండ్ల వేగమును నిర్ణయించిరి. గాస్టన్ ద షాస్లూ-లోబా యను ప్రభువు జాంతో వారు నిర్మించిన విద్యుత్తు బండిలో నా దూరమును 57 సెకనులలో దాటెను. గంటకు 63 కిలోమీటర్లన్నమాట. నేల మీద నడచు మోటారు బండికి నమోదైన మొదటి వేగపు రికార్డు అదియే. అది పెట్రోలు బండిది గాదు, విద్యుత్తు బండిది.

జెనాట్జీ యూరకుండలేదు. అతడు 1899 జనవరిలో సవాలు చేసి వచ్చి యా వేగమును మించెను. ఆ దినముననే ప్రభువు మరల మించెను. పది దినములకు జెనాట్జీ యెనుబది కిలోమీటర్లకు జేర్చెను. మార్చిలో ప్రభువు తొంబదిరెండు దాటించెను. తుదకు జెనాట్జీ యొక క్రొత్త బండిని గట్టించెను. దాని దేహము తేలికలోహముతో జేసినది. రెండు కొనలును సన్నగిలి, నీటిలో దూసికొనిపోవు చేపవలె నుండెను. రెండు మోటార్లు వెనుక చక్రములను నేరుగ ద్రిప్పుచుండెను. తోలువాడు మాత్రము నడుము పైభాగమంతయు గాలికి వదలి గూర్చుండవలసివచ్చెను. దానికి అతడు పెట్టిన పేరునకు తెలుగున ‘ఎన్నడును తృప్తి చెందనిది’ యని యర్థము. 1899 వసంతమున నా బండి కిలోమీటరును 34 సెకనులలో దాటెను. గంటకు 105 కిలోమీటర్లు మించినది. మానవుడు నడపిన మోటారు బండి నూఱు కిలోమీటర్ల హద్దును మొదటిసారి దాటిన దప్పుడే. ఆ బండి ఫ్రాన్సులో కాంపియేన్ నగరపు వాహనప్రదర్శనశాల సేకరణలోనిది.

ఇట్లు మొదటి పందెమున విద్యుత్తు సంపూర్ణముగ గెలిచినది. అమెరికాలో 1900వ సంవత్సరమున తయారైన 4,192 మోటారు బండ్లలో 1,681 ఆవిరివి, 1,575 విద్యుత్తువి, 936 మాత్రమే పెట్రోలువి. ఆనాడు మీరును నేనును పందెము గాయవలసివచ్చియుండినచో పెట్రోలుపై నొక్క కాసైనను పెట్టియుండెడివారము కాము.

ఐనను ఆ గెలుపు నిలువలేదు. 1902 ఏప్రిలులో లియోన్ సెర్పొలే ఆవిరి బండితో గంటకు నూటయిరువది కిలోమీటర్లు దాటెను. ఆ యేటనే ఆగస్టు నెలలో వాండర్‌బిల్ట్ అను నమెరికా ధనికుడు మోర్స్ అను పెట్రోలు బండితో దానిని గూడ మించెను. ఇంతకంటె నర్థవంతమగు సంఘటన 1903 జూలైలో జరిగినది. ఐర్లండు దేశమున గోర్డన్ బెనెట్ కప్పు అను దీర్ఘపు పందెమున, ఐదువందల కిలోమీటర్లకు మించిన దూరమును బరువెత్తి గెలిచినవా డెవ్వడో తెలియునా? ఆ కామిల్ జెనాట్జీయే. అతడు ఎక్కిన బండి మాత్రము మెర్సిడెస్ పెట్రోలు బండి. నాలుగేండ్ల క్రిందట విద్యుత్తునకు మకుటము పెట్టిన వీరుడే పెట్రోలు పక్షమునకు వచ్చెను.

దీనిని స్వామిద్రోహముగ దలంపరాదు. అతని యెదుట నున్న లెక్క యట్టిది. ఒక కిలోమీటరు పరుగునకు సీసపు బ్యాటరీ చాలును. ఐదువందల కిలోమీటర్ల పరుగునకు చాలదు. మన పంచాంగపు భాషలో జెప్పవలెనన్న, విద్యుత్తునకు బలము గలదు గాని నిలువ లేదు. ఇంజనునకు మొదటి యూపు తక్కువైనను, వెంట మోసికొనిపోవు కూడు తేలిక.

ఆ కూటి లెక్కను మీ కరెంటు బిల్లులోని యూనిట్లతోనే చెప్పెదను. ఒక కిలోగ్రాము పెట్రోలునందు దాగియున్న శక్తి సుమారు పండ్రెండు యూనిట్లు. ఒక కిలోగ్రాము సీసపు బ్యాటరీలో నిలువయుండునది యూనిట్టులో ముప్పదవ వంతు ప్రాంతము. ఇంజను తన కూటిలో మూడు వంతులను వేడిగ వృథాచేసి నాలుగవ వంతునే పనికి దెచ్చును గాక. ఐనను అంతరము కొండంత. నేల యెంత తిన్ననిదైనను, తోలువా డెంత నేర్పరియైనను, ఈ లెక్కను మార్చజాలడు.

దీనికి మఱి మూడు కారణములు తోడైనవి. 1901 జనవరిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున స్పిండిల్‌టాప్ అను చోట నూనె యాకాశమున కెగజిమ్మినది; అక్కడ నూనె సమృద్ధి యయ్యెను. 1908లో హెన్రీ ఫోర్డు మోడల్ టి యను కారును వెలువరించి, 1913 నుండి కదలు వరుసపై దానిని గూర్చుచు వెలను నానాటికి దగ్గించెను. మూడవ కారణము మిక్కిలి చిత్రమైనది. పెట్రోలు బండిని కదలింపవలెనన్న ముందుభాగమున నినుప పిడి నుంచి చేతితో ద్రిప్పవలసియుండెను. ఆ పిడి యెదురుతిరిగి మనుష్యుల మణికట్లను విఱుగగొట్టుచుండెను. విద్యుత్తు బండికి అట్టి బాధ లేదు. 1912 నాటి కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగ్ అను నింజనీరు ఒక చిన్న విద్యుత్తు మోటారును, బ్యాటరీని అమర్చి, పిడిని దొలగించెను. అనగా పెట్రోలు బండి తన ప్రతిపక్షి నాయుధమును దన యింటిలోనికి దెచ్చికొని, దానితోనే దానిని జయించెను. పగవాని యింటి రహస్యము నెఱిగి గెలుచుట మన పురాణములకు క్రొత్త గాదు.

విద్యుత్తు బండి యోడిన దనుటలో నొక సవరణ చేయవలెను. కూటిని మోసికొనిపోవలసిన చోట మాత్రమే విద్యుత్తు మోటా రోడినది. మద్రాసు నగరమున 1895లోనే విద్యుత్తు ట్రాములు నడచినవి. మన తెలుగువా రెందఱో 1953 వఱకు వాని నెక్కి తిరిగిరి. 1925లో బొంబాయి, కుర్లాల నడుమ విద్యుత్తు రైలు నడచినది. తీగనుండి శక్తిని బీల్చుకొను నీ బండ్లకు నిలువతో బని లేదు గనుక నచ్చట మోటారునకు నెదురు లేకపోయెను. కావున నూఱేండ్లపాటు జరిగినది మోటారు పరాజయము గాదు, బ్యాటరీ పరాజయము.

మా యూర నా బాల్యమున నీ భేదము కండ్లయెదుట నుండెడిది. ఒక పొలమున ఆయిలింజను, ప్రక్క పొలమున కరెంటు మోటారు. ఆయిలింజనును ద్రిప్పుటకు బలమైన పాలేరు పిడిని బట్టి నాలుగైదు చుట్లు చెమటలు గ్రక్కుచు ద్రిప్పవలెను. అది దగ్గి, పొగ విడిచి, మెల్లగ వేగ మందుకొన్న పిదపనే నీరు పడును. కరెంటు మోటారునకు మీట నొక్కిన మఱుక్షణమున కాలువలో నీరు. ఐతే కరెంటు లేని రాత్రి మోటారు మూగవోవును. ఆయిలింజను డబ్బాలో నూనె యున్నంతవఱకు తెల్లవార్లు మ్రోగును. తగవునకు రెండు పక్షములను ఆ రెండు బావుల గట్లపై జూచినవారమే మనము.

ఇక మన కాలమునకు వత్తము. నిలువ యను చిక్కుముడిని విప్పినది లిథియ మను తేలికలోహము. 1970 తరువాతి దశకములో స్టాన్లీ విటింగ్‌హామ్, 1980లో జాన్ గుడెనఫ్, 1985లో జపానీయుడగు అకిరా యోషినో ఒకరి పని మీద నొకరు పునాదులు వేసిరి. 1991లో సోనీ సంస్థ యా బ్యాటరీని విపణిలోనికి దెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడినది. కెమెరాల కొఱకును, చేతిఫోనుల కొఱకును బెరిగిన యా బ్యాటరీని వేలకొలది గూర్చి కారు నడుగున బఱచిరి. సీసముకంటె నాలుగైదు రెట్లు శక్తి యా బరువుననే యిమిడినది. శతాబ్దమునకు దరువాత జెనాట్జీ మోటారునకు దగిన నిలువ దొరకినది.

ఇపుడు మన మనుమల తగవునకు రెండు కార్లను సాక్షులుగ బిలుతము. రెండును 2016లో విపణిలో నున్నవి. ఒకటి అమెరికాలోని టెస్లా సంస్థ చేసిన మోడల్ ఎక్స్ పి100డి. ఇది ఎస్‌యూవీ యని పిలువబడు నెత్తైన కుటుంబపు కారు. ఏడుగురు గూర్చుండవచ్చును. బరువు రెండున్నర టన్నుల ప్రాంతము. అందు బ్యాటరీయే యాఱువందల కిలోల మాట. రెండవది ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో 4సి. ఇది యిద్దఱు మాత్రమే గూర్చుండదగిన పెట్రోలు పందెపు కారు. అన్ని ద్రవములు నింపినను టన్ను బరువునకు కొంచె మెక్కువ. ఇంజను 240 గుఱ్ఱముల బలము గలది. నిలిచిన చోటినుండి గంటకు నూఱు కిలోమీటర్ల వేగ మందుకొనుటకు నిర్మాతలు చెప్పిన కాలము లివి: ఆల్ఫాకు 4.5 సెకనులు, టెస్లాకు 3.1 సెకనులు. ఏనుగు వంటి బండి, జింక వంటి బండికంటె సెకనుకు పైగా ముందు!

ఈ 3.1 సెకనుల నూహించుకొనుట కొక లెక్క. ఎత్తైన గోపురముపై నుండి ఒక రాతిని జారవిడిచినచో, గాలి యడ్డును విడిచి లెక్కించిన, ఆ రాయి గంటకు నూఱు కిలోమీటర్ల వేగము నందుకొనుటకు 2.8 సెకనులు పట్టును. రాయి క్రిందకు బడునంత యూపుతో, ఏడుగురు గూర్చుండు రెండున్నర టన్నుల యిల్లు నేల మీద ముందునకు బోవుచున్నదన్నమాట.

ఇది యెట్లు సాధ్యమైనది? ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలను జూచిన పెద్దలకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. బండ కదలిన పిదప లాగుట యొక యెత్తు, నిలిచిన బండను మొదట కదల్చుట యొక యెత్తు. ఆ మొదటి యూపులోనే యెద్దు సత్తా తెలియును. పెట్రోలు ఇంజను నిలిచియున్నపుడు దానికి బలమే లేదు. అది తిరుగుచుండినగాని త్రిప్పలేదు. అందుచేత దానిని ముందే తిరుగనిచ్చి, క్లచ్చితో మెల్లగ చక్రములకు దగిలింపవలెను. వేగము పెరిగినకొలది గేర్లు మార్చవలెను. విద్యుత్తు మోటారు అట్లు గాదు. చక్రము కదలక మునుపే దాని త్రిప్పుబలము పూర్ణముగ నుండును. మధ్య క్లచ్చి లేదు, గేరు మార్పు లేదు. పైగా ముందు మోటారు ముందు చక్రములను, వెనుక మోటారు వెనుక చక్రములను ద్రిప్పుచుండగా, నాలుగు కాళ్లును నేలను బట్టుకొని త్రోయును. ఆల్ఫాకు వెనుక రెండు చక్రములే త్రోయునవి. ఒంగోలు గిత్త యెదుట పందెపు గుఱ్ఱము బండ లాగలేదు గదా.

ఐతే గుఱ్ఱమునకు దన గుణము తనకు గలదు. మోటారు వడిగ దిరిగినకొలది దానిలో నెదురు విద్యుత్తు పుట్టి త్రిప్పుబలము తగ్గుచుండును. మాటిమాటికి పూర్ణబలముతో పరుగెత్తించినచో బ్యాటరీ వేడెక్కి, యంత్రమే తన యూపును దగ్గించుకొనును. కడపటి వేగమును జూచినచో టెస్లాకు గంటకు 250 కిలోమీటర్లు నిర్మాత పెట్టిన హద్దు. చిన్న ఇంజను గల ఆల్ఫాకు 258. మలుపులలో తేలికబండి యొదుగును, బరువుబండి ప్రక్కకు లాగును. కూటి లెక్కయు జూడుడు. టెస్లా యాఱువందల కిలోల బ్యాటరీలో నూఱు యూనిట్ల శక్తి. మోటారు దానిలో తొంబది వఱకు పనికి దెచ్చును. ఆల్ఫా తొట్టిలో నలువది లీటర్ల పెట్రోలు, అనగా ముప్పది కిలోలు. దానిలో మూడువందల యేబది యూనిట్లున్నను, ఇంజను నాలుగవ వంతే పనికి దెచ్చినచో తొంబదికి దగ్గఱయే. ఆఱువందల కిలోల పని ముప్పది కిలోలు చేయుచున్నవి. శతాబ్దమునాటి యంతరము మిక్కిలి తగ్గినది గాని పోలేదు.

ఇపుడు మనుమల తగవునకు దీర్పు చెప్పవచ్చును. ఇద్దఱును సత్యమే చెప్పుచున్నారు. గీత యెచ్చట గీచితిమో చెప్పుట మాత్ర మిద్దఱును మఱచుచున్నారు. ఈ గీత యెంత ముఖ్యమో 2023 నవంబరులో లోకమునకు దెలిసినది. ఆ టెస్లా సంస్థయే తన క్రొత్త విద్యుత్తు ట్రక్కు, పోర్షె 911 అను పెట్రోలు పందెపు కారుతో బరువెత్తి గెలుచు చలనచిత్రమును జూపెను. ట్రక్కు తన వెనుక బండిపై నట్టిదే మఱియొక పోర్షెను మోయుచున్నది! జనులు నోళ్లు తెఱచిరి. పందెపు దూరము పావుమైలు, అనగా రెండు ఫర్లాంగులని మాటలలో జెప్పబడినది. చిత్రము నోపికతో బరిశీలించినవారు నేలపై గుర్తులను బట్టి, ఆ గీత యొక్క ఫర్లాంగు చోటనే యున్నదని కనుగొనిరి. ఒక ఫర్లాంగు పందెము మొదటి యూపు గలవానిది. ఫర్లాంగులు పెరిగినకొలది పందెము వేఱొకనికి ననుకూలించును. అమెరికా పందెపు బాటలలో మొదటి యడుగు దూరమునకు బట్టిన కాలమును లెక్కనుండి తీసివేయు నాచారము గూడ గలదు. కావున ఒక కారు ‘ఇన్ని సెకనులు’ అని ప్రకటన కనబడినపుడు, ఎచ్చటినుండి యెచ్చటికి, ఎవ్వరు గొలిచిరి, ఎంత చార్జి యున్నపుడు గొలిచిరి యని యడుగుట ఋతుపర్ణుని విద్య.

ఈ ప్రసంగము కేవలము వినోదము కొఱకైనచో నిచ్చట ముగింపవచ్చును. కాని యీ బండ్లు పరదేశపు వింతలుగ మిగిలియుండలేదు. హైదరాబాదున హుస్సేనుసాగరపు గట్టున 2023 ఫిబ్రవరిలో విద్యుత్తు కార్ల ప్రపంచపు పందెము జరిగినది. 2024 నవంబరులో మన దేశపు మహీంద్రా సంస్థ వెలువరించిన ఎక్స్‌ఈవీ 9ఈ యను పెద్ద విద్యుత్తు కారునకు నూఱు కిలోమీటర్ల వేగ మందుకొనుటకు 6.8 సెకనులు చాలునని ప్రకటింపబడినది. కొలది కాలము క్రిందట పందెపు కార్లకే చెల్లిన యూపు కుటుంబపు బండిలోనికి వచ్చినది.

ఇందు నాకు వెఱపు గలిగించున దొకటి కలదు. పాత పెట్రోలు బండి వడి నందుకొనునపుడు గర్జించి చెప్పును. గేర్లు మార్చుటలో తోలువానికి శ్రమ యుండును. ఆ శ్రమయు, ఆ మ్రోతయు నొక హెచ్చరికయే. విద్యుత్తు బండి మ్రోత లేక, పాదము కొంచెము నొక్కినంతనే, యెదుటివా డెఱుగకమునుపే మీదికి వచ్చును. గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున రెండున్నర టన్నుల బండియందు నిండియున్న తాకిడి, టన్ను బరువు గల బండియందున్న దానికి రెండున్నర రెట్లు. మన బాటలపై నెడ్లబండ్లు, ధాన్యము నారబోసిన కల్లములు, బడి విడిచి వచ్చు పిల్లలు, దాటలేక దాటు వృద్ధులు గలరు. మూడు సెకనులలో వేగ మందుకొను బండికి, ఆగుటయు మూడు సెకనులలో నగునన్న నమ్మకము తోలు బాలునకు గలుగును. ఎదుటివాని కాళ్లకు మాత్ర మా త్వరణము లేదు.

కావున పెద్దలకు నా మనవి యిది. విద్యుత్తు బండిని జూచి భయపడి వలదనకుడు. పొలమునకు వచ్చిన కరెంటు మోటారువలె నది పొగ లేనిది, మొదటి యూపు గలది. దగ్గఱ యూళ్లకు దిరుగుటకు, బరువు లాగుటకు మిక్కిలి దగినది. పెట్రోలు బండిని పనికిరాని పాతదనియు నవమానింపకుడు; కరెంటు తీగ లేని దూరమున నది యింకను బనికి వచ్చును. ఐతే కొనుటకు మున్ను మనుమని ప్రశ్నింపుడు: నీవు ప్రతిదినము పోవు దూర మెంత? దారిలో చార్జి చేయుచో టెచ్చట? ఈ బ్యాటరీకి నిర్మాత యెన్నేండ్ల పూచీ వ్రాసియిచ్చెను? మూడు సెకనుల యూపు నీకు మన యూరి బాటలో నెచ్చట నుపయోగపడును? కడపటి ప్రశ్నకు అతడు తడుముకొన్నచో, ఆ యూపు కొఱకు చెల్లించు సొమ్ము వృథా యని యతనికే తెలియును. అనేక విద్యుత్తు కార్లలో నా యూపును దగ్గించి మెల్లగ నడపు నేర్పాటు గలదు. తాళపుచెవి యిచ్చు దినముననే దానిని పెట్టించుట మంచిది.

విద్యుత్తు 1899లో గెలిచి 1903 నాటికి వెనుకబడినది. ఇపుడు మరల ముందునకు వచ్చినది. దీనిని జూచి యేదో యొక పక్షమునకు శాశ్వతవిజయము గలిగెనని చెప్పుట చరిత్రకారునకు దగదు. బ్యాటరీ తేలికయైన దినమున విద్యుత్తు నడచెను, బరువైన దినమున పెట్రోలు నడచెను. రాబోవు దినములయందును ఆ తూకమే తీర్పు చెప్పును. మన పిల్లల చేతికి తాళపుచెవి యిచ్చుటకు ముందు ఆ తూకమును వారికి నేర్పుదము. స్వస్తి.